గండికోటలో డైవింగ్ చేసే ముందు

సంపాదకులకు,

నేను పుదుచ్చేరి సముద్రంలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నానని తెలిసి, మా జమ్మలమడుగు కుర్రాళ్లు ‘గండికోటలో దిగుదామా అన్నా’ అని వెంటపడుతున్నారు. ఆశ మంచిదే. కానీ లోతు ఒక్కటే చూసి చోటు ఎంచుకోకూడదు. 26.85 టీఎంసీలు పట్టే గండికోట జలాశయం నీళ్లలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగి ఉన్నాయి. మొండిగోడలు, చెట్లు, తీగలు. చిక్కుకుంటే పైకి రావడం కష్టం. (ఆ ఇళ్లను వినోదంగా చూపించే ముందు, ఖాళీ చేసి వెళ్లినవాళ్లనూ ఒక మాట అడగాలి.) కృష్ణా వరద నీరు చేరే నెలల్లో అంతా బురదే. తూములు, గేట్ల దగ్గర నీటి లాగుడు ఇంకో టెన్షన్.

నీరు తేరుకున్నాక తెల్ల పళ్లేనికి తాడు కట్టి దించితే, ఎంత లోతు దాకా కనిపిస్తుందో తెలుస్తుంది. నీటిలో మునగడానికి నడుముకు కట్టుకునే బరువు, మంచినీటిలో సముద్రంలో కన్నా తక్కువ ఉండాలి. సముద్రంలో నేర్చుకున్నవాళ్లు ఇది మర్చిపోతారు.

జలవనరుల, పర్యాటక శాఖలు కలిసి అడుగుభాగాన్ని సర్వే చేయించి, ఒక సురక్షిత ప్రాంతానికి బోయాలతో (నీటిపై తేలే గుర్తులతో) హద్దులు పెట్టాలి. అప్పటిదాకా నేర్చుకోవాలనుకునేవాళ్లకు విశాఖలోని రుషికొండే మేలు, మనకు దూరమైనా.

- ఒక పాఠకుడు, జమ్మలమడుగు, కడప జిల్లా