తలుపు వేసుకోవడానికి ఒక గది: ప్రార్థన గది నిర్మాణానికి విరాళాల విజ్ఞప్తి

ప్రభువైన యేసుక్రీస్తు నామమున సంఘ సభ్యులకు, ఊరి పెద్దలకు, పనుల మీద దూరదేశాల్లో ఉంటున్న మనవాళ్ళందరికీ సంఘ కమిటీ వందనాలు.

మన చర్చి పక్కనున్న ఖాళీ స్థలంలో చిన్న ప్రార్థన గది కట్టాలని సంఘం తీర్మానించుకుంది. పొడవు 24 అడుగులు, వెడల్పు 16. అందులో మైకు ఉండదు, కీబోర్డు ఉండదు, కూటాలు జరగవు. తెల్లవారుజామున 4 గంటల నుంచి రాత్రి 9 దాకా తలుపు తీసే ఉంటుంది. ఎవరైనా వచ్చి కాసేపు వాక్యం చదువుకుని, మోకరించి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోవచ్చు. ఇంతే మా ప్రయత్నం. దీనికే మీ సహాయం కోరుతున్నాం.

చర్చి ఉండగా మళ్ళీ గదెందుకని కమిటీలోనే ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. యాంప్లిఫయరు, ఇన్వర్టరు బ్యాటరీలు, వంట పాత్రలు ఉన్నాయి కాబట్టి చర్చికి తాళం వేయక తప్పడం లేదు. ఆదివారం ఆరాధనకి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకి తెరుస్తాం. మిగతా రోజుల్లో ఎవరికైనా ప్రార్థన చేసుకోవాలనిపిస్తే తాళంచెవి కోసం పాస్టరుగారింటికి వెళ్ళాలి. తెల్లారగట్ల నాలుగున్నరకి పాస్టరమ్మగారిని నిద్రలేపి తాళం అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

నీ గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, రహస్యమందున్న నీ తండ్రికి ప్రార్థన చెయ్యమని ప్రభువు చెప్పాడు. మత్తయి ఆరో అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చు. కానీ కాలనీ ఇళ్ళల్లో వేసుకోవడానికి ఆ తలుపేదండీ? ఉన్నది ఒక్క గది, ఒక వరండా. టీవీ అక్కడే, పిల్లల చదువు అక్కడే, ముసలివాళ్ళ మంచం అక్కడే. కొండెక్కి ప్రార్థించడానికి మన సీమలో కొండ కూడా లేదు. ఉన్నవాటిలో ఎత్తయింది ఏటిగట్టే. చీకటితో లేచి గోదావరి పాయ వశిష్ఠ గట్టు మీద నిలబడి ప్రార్థన చేసుకుని పనిలోకి పోయేవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. వానాకాలం వాళ్ళకి ఆ చోటు కూడా ఉండదు.

రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండే కుర్రాళ్ళకి తెల్లవార్లూ నీళ్ళలోకి గాలి పట్టించే ఏరేటర్ల హోరే. డ్యూటీ దిగాక ఒక్క అరగంట నిశ్శబ్దంగా కూర్చోవాలని ఉందని వాళ్ళే అడిగారు. ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్ళు అయిదున్నరకల్లా ట్రక్కు ఎక్కాలి, అంతకుముందే వంట అయిపోవాలి. కూతుళ్ళు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పని చేస్తుంటే మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలున్నారు. పిల్లల ముందు ఏడవలేక, ఏడవకుండా ప్రార్థించలేక నలిగిపోతున్నారు. పదో తరగతి పిల్లల సంగతి సరేసరి. వీళ్ళలో ఎవరికీ భక్తి తక్కువై కాదు.

మనం కూటాలకు తక్కువ చేయడం లేదు. ఉజ్జీవ కూటాలకి షామియానాలు వేస్తాం, ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాల్లో నలభై రోజులూ ధ్యానాలు పెట్టుకుంటాం, క్రిస్మస్‌కి ఊరంతా స్టార్లు కడతాం. అవి వద్దనడం లేదు, ఉండాలి. గోదావరికి వరదొస్తే అందరం గట్టెక్కి చూస్తాం, కానీ వరి పండించేది కాలువలో వంతు ప్రకారం వచ్చే నీళ్ళు. దేవునితో దగ్గరతనం అలా రోజువారీ తడిలో పెరిగేదని మా నమ్మకం. ప్రభువు కూడా జనసమూహాల్ని స్వస్థపరచిన మర్నాడు, ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశానికి వెళ్ళి ఒంటరిగా ప్రార్థించాడని మార్కు మొదటి అధ్యాయంలోనే ఉంది. పేతురు వెతుక్కుంటూ వచ్చి అందరూ నిన్ను వెదుకుతున్నారన్నా ఆయనకి కంగారు లేదు. దానియేలు రోజుకి మూడుసార్లు మోకరించేవాడు, ఇస్సాకు సాయంకాలం ధ్యానించడానికి పొలంలోకి వెళ్ళాడు. ఏలీయాకి దేవుడు గాలిలోనూ భూకంపంలోనూ అగ్నిలోనూ కనబడలేదు. ఆ తరవాత వచ్చిన మెల్లని స్వరం వినబడాలంటే చుట్టూ కాస్త నిమ్మళం ఉండాలి కదా.

ఈ అలవాటు మనకి కొత్తేం కాదు. 1836లో ఇంగ్లండులో ఓడ ఎక్కిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ గార్లు నరసాపురం ప్రాంతానికి వచ్చి సువార్త చెప్పేనాటికి తెలుగులో కొత్త నిబంధన ఉంది కానీ పూర్తి బైబిలు ఇంకా అచ్చు కాలేదు. ఉన్నది కూడా చదవగలిగినవాళ్ళు తక్కువ. మన ముత్తవ్వలు వాక్యాన్ని విని, కంఠస్థం చేసి, నాట్లేస్తూ, దంచుతూ మననం చేసుకున్నారు. లేసు అల్లే అక్కలు ఇప్పటికీ వేళ్ళు ఆడుతుంటే పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటారు. వంటకి బియ్యం పోసేటప్పుడు గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వేయడం కూడా రోజువారీ భక్తే. ఒక మాట ఆయనకి చెప్పకుండా పొయ్యి వెలిగించలేదన్నమాట.

గదిలో ఏం చేయాలో ఎవరికీ ఎవరూ నేర్పరు. గోడకి ఒక నల్లబల్ల ఉంటుంది, దాని మీద ఆ రోజు చదవాల్సిన ఒక కీర్తన, ఒక సువార్త అధ్యాయం రాసి ఉంటాయి. రోజుకో అధ్యాయం చదివితే నాలుగు సువార్తలూ 89 రోజుల్లో అవుతాయి, 150 కీర్తనలకి అయిదు నెలలు పడుతుంది. సామెతల గ్రంథానికి 31 అధ్యాయాలే, నెలకి సరిగ్గా సరిపోతుంది. జనవరి ఒకటిన ఆదికాండముతో మొదలెట్టి, ఏడాదిలో బైబిలంతా ముగిస్తానని పంతం పట్టి, లేవీయకాండము దగ్గర చతికిలబడినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పందెం అక్కర్లేదు. ఒక్క వచనం దగ్గర అరగంట ఆగిపోయినా పరవాలేదు. చదువురానివాళ్ళ కోసం బైబిలు వినే చిన్న ప్లేయర్లు, హెడ్‌ఫోన్లు, చూపు మందగించినవాళ్ళకి పెద్ద అక్షరాల బైబిళ్ళు కొంటాం. సెల్‌ఫోన్లు మాత్రం బయట పెట్టెలో పెట్టాలి. ఈ నియమానికి పాస్టరుగారు కూడా మినహాయింపు కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని చట్టమే ఉంది, కానీ ఈ గదిలో ఏ వేళలోనూ వాడం.

ఇక ఖర్చు సంగతి. 24 అడుగుల గదికి ఇంతెందుకు అనుకునేవాళ్ళు మన నేల గుర్తు చేసుకోవాలి. బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ముందు మెరక చెయ్యాలి, పునాది లోతుగా తియ్యాలి, ప్లింత్ బీమ్ వెయ్యాలి, 1986 వరద చూసినవాళ్ళెవరూ గచ్చు ఎత్తు తగ్గించమనరు. పైగా ఉప్పుగాలికి ఊచలు తుప్పు పడతాయి కాబట్టి కాంక్రీటులో కక్కుర్తి పడకూడదని మేస్త్రిగారు గట్టిగా చెప్పారు. మొత్తం అంచనా 11 లక్షల 40 వేల రూపాయలు, ఇందులో దాదాపు మూడో వంతు నేల లోపలే పోతుంది. సంఘ సభ్యుల కానుకలు, స్త్రీల సమాజం గుప్పెడు బియ్యం అమ్మిన డబ్బు, కోతపండుగ వేలం కలిపి 4 లక్షల 10 వేలు బ్యాంకులో ఉన్నాయి. (ఆ వేలంలో ఒక గుమ్మడికాయకి పలికిన ధర చెబితే సంతలో నమ్మరు.) ఇంకా 7 లక్షల 30 వేలు కావాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, ఊట తగ్గుతుంది. పునాది తియ్యడానికి మనకున్న సమయం ఆ కొద్ది వారాలే, తొలకరి పడితే మళ్ళీ ఏడాది ఆగాలి. అందుకే ఈ తొందర.

డబ్బే ఇవ్వాలని లేదు. ఇటుక, సిమెంటు, ఒక ట్రాక్టరు ఇసుక, ఒక రోజు కూలిపని, ఏదైనా ఆనందంగా రాసుకుంటాం. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు చూసిన సంగతి మీకు తెలుసు, కాబట్టి చిన్న మొత్తమని మొహమాటపడకండి. అప్పు చేసి మాత్రం ఇవ్వొద్దు. కానుకలు చదివించినప్పుడు పక్కవారిని చూసి పెంచొద్దు. క్రైస్తవులు కానివారు కూడా మన ఊళ్ళో ఎప్పుడూ చెయ్యి కలుపుతూనే ఉన్నారు, వారికీ ఇదే మా మనవి.

ఒక విషయంలో కమిటీ గట్టిగా ఉంది. ఈ గదిలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబ్‌లైటు పట్టీ మీద, బెంచీల మీద దాతల పేర్లుండవు. శిలాఫలకం వెయ్యం. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఆ గది గోడల మీదైనా నిలవాలి. లెక్కల పుస్తకంలో మాత్రం ప్రతి రూపాయీ, ప్రతి పేరూ ఉంటుంది. నెలనెలా మొదటి ఆదివారం ఆరాధన తరవాత జమాఖర్చులు చదువుతాం, ఎవరైనా లేచి అడగొచ్చు.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మనవి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత కష్టార్జితాన్ని మామూలుగా బ్యాంకు ద్వారా పంపవచ్చు, దానికి చట్టపరమైన అడ్డంకి లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం పంపకండి. అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, అలాంటివి తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ మన సంఘానికి లేదు. మీ ప్రార్థన చాలు. ఆదాయపు పన్ను 80జీ మినహాయింపు కూడా మేము ఇవ్వలేం, ముందే చెబుతున్నాం.

చందా పుస్తకాలు కోశాధికారిగారి దగ్గర, స్త్రీల సమాజం అధ్యక్షురాలి దగ్గర మాత్రమే ఉన్నాయి. బ్యాంకు ఖాతా వివరాలు ఆ పుస్తకాల్లోని రసీదుల వెనకే అచ్చయి ఉన్నాయి. ఈ ఇద్దరూ కాక ఇంకెవరు వచ్చి ప్రార్థన గది పేరు చెప్పి అడిగినా ఇవ్వకండి. ఇచ్చినప్పుడు, పది రూపాయలైనా సరే, రసీదు తీసుకోండి.

ఇట్లు
ప్రభువు సేవలో
సంఘ కమిటీ