ప్రమాదం వార్త సరే, నివేదిక మాటేమిటి?

సంపాదకుడు గారికి,

విమానం కూలిన రోజు టీవీల హోరు అంతా ఇంతా కాదు. పక్షి తగిలిందని ఒకరు, ఇంజన్ ఫెయిలైందని ఇంకొకరు. తీరా అసలు కారణం తేలి నివేదిక వచ్చేసరికి దాని ఊసెత్తేవాళ్లుండరు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలినప్పుడూ ఇదే వరస. నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక వచ్చింది. విమానం గాల్లోకి లేచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్చులూ ఒకదాని వెంట ఒకటి కటాఫ్‌కి, అంటే ఇంధనం ఆపేసే స్థానానికి, మారాయని అందులో ఉంది. ఎందుకు మారాయో లేదు. అయినా మా ఆటోనగర్ టీ కొట్ల దగ్గర తీర్పులు చెప్పేశారు.

నిజంగా ఇంజన్ లోపంతోనే కూలిన విమానం ఒకటుంది. 1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ సంస్థ డీసీ-10 విమానం తోక ఇంజన్‌లో ఫ్యాన్ రెక్కలు బిగించే టైటానియం డిస్కు గాల్లోనే పగిలిపోయింది. ఆ ముక్కలు తగిలి విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ (ద్రవపీడన) వ్యవస్థలూ పోయాయి. మిగిలిన రెండు ఇంజన్ల వేగం పెంచుతూ తగ్గిస్తూ పైలట్లు సూ సిటీ విమానాశ్రయం దాకా తీసుకొచ్చారు. దిగేటప్పుడు కూలి 296 మందిలో 112 మంది చనిపోయారు. ఆ డిస్కు ముక్కలు మూడు నెలల తర్వాత మొక్కజొన్న కోతల్లో రైతులకు దొరికాయి.

లోహం కరిగించి పోసినప్పుడే అందులో లోపం ఉండిపోయింది. అక్కడ పుట్టిన పగులు ఏళ్ల తరబడి పెరిగింది. ప్రమాదానికి ముందు ఏడాదే ఆ డిస్కుకి పగుళ్ల పరీక్ష చేశారు. మా దగ్గర పాతకాలం మేస్త్రీలు ఇంజన్ క్రాంక్ షాఫ్టుకి కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లేవారు. పగులుంటే లోపల దాగిన నూనె ఊరి, పొడి మీద గీతలా తేలుతుంది. అక్కడ చేసిందీ అదే పని, కాకపోతే మెరిసే ద్రవంతో, ప్రత్యేకమైన లైటు కింద. అప్పటికే కనిపించేంత పగులుంది, అయినా దొరకలేదు. వేలాడదీసిన డిస్కుని సరిగా తిప్పి చూడకపోవడంతో కొంత భాగం మరుగున పడి ఉండొచ్చని అమెరికా దర్యాప్తు సంస్థ 1990 నాటి నివేదికలో అనుమానించింది.

నాకు నచ్చింది ఆ తర్వాతి మాట. తనిఖీ చేసినవాడిది తప్పని చేతులు దులిపేసుకోలేదు. మనిషి కంటికీ ఓపికకీ ఉండే హద్దుల్ని లెక్కలోకి తీసుకోకుండా తనిఖీ పద్ధతి పెట్టుకోవడమే అసలు కారణమని రాశారు. మా షెడ్లలో ఏది విరిగినా ముందు కుర్రాడి మీద పడతాం. వాడికి వెలుతురు సరిపోయిందా, ఆ రోజు ఎన్ని పీసులు చూశాడు అని అడిగే ఓనరు ఎక్కడున్నాడు?

ఇలాంటి నివేదికలు ఇంగ్లీషులోనే ఉండిపోతున్నాయి. చేతిలో స్పానర్ పట్టుకునే ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకి అవి చేరవు. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు తెలుగువారే కదా, మన దర్యాప్తు సంస్థ నివేదికల సారాంశమైనా తెలుగులో వేయించమని మనవి. మీ పత్రిక కూడా ప్రమాదానికి ఇచ్చే పేజీల్లో ఒక్కటి నివేదికకి కేటాయించండి. పగులు ఎలా పడుతుందో, ఎలా పట్టుకుంటారో రాయాలంటే విలేకరిని మా షెడ్డుకి పంపండి, పాత క్రాంక్ మీద చేసి చూపిస్తాం.

– ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ