మంత్రి నారాయణ గారికి రాజమండ్రి ఓటరు బహిరంగ లేఖ: మా కార్పొరేషన్‌కి ఎన్నికలు ఎప్పుడు?

రాజమహేంద్రవరం,
డిసెంబర్ 2025.

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి శ్రీ పొంగూరు నారాయణ గారికి నమస్కారాలు.

నేను రాజమండ్రిలో పుట్టి పెరిగి, ఇక్కడే ఇంటి పన్ను కడుతున్న ఓటరును. మా నగరపాలక సంస్థకు ఎన్నికలు పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం. 2021లో ఎన్నికైన పాలక మండళ్లలో చాలావాటి గడువు 2026 మార్చితో తీరిపోతుంది కాబట్టి రాష్ట్రమంతా మళ్లీ మున్సిపల్ ఎన్నికల మాట మొదలైంది. ఆ జాబితాలో ఈసారైనా మా ఊరి పేరు ఉంటుందా, మళ్లీ పక్కన పెట్టేస్తారా అన్నది మా టెన్షన్.

మేము చివరిసారి కార్పొరేటర్‌కి ఓటేసింది 2014 మార్చి 30న. అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. ఆ పాలక మండలి అదే ఏడాది జులైలో కొలువుదీరి, 2019 జులైలో దిగిపోయింది. ఆ రోజు నుంచి ప్రత్యేకాధికారి పాలనే, అంటే ఎన్నికైనవాళ్ల బదులు ప్రభుత్వం పెట్టిన అధికారి పాలన. ఒక పాలక మండలికి రాజ్యాంగం ఇచ్చిన గడువే ఐదేళ్లు. అసలు పాలక మండలి లేకుండా అంతకంటే ఎక్కువ కాలం గడిచింది. 2014లో ఓటు హక్కుకి ఒక్క నెల వయసు తక్కువైన కుర్రాడికి ఇప్పుడు ముప్పై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. పెళ్లయి, పిల్లల్ని బడికి పంపుతూ ఉండొచ్చు. 2019లో, 2024లో ఎమ్మెల్యేకీ ఎంపీకీ ఓటేశాడు. తన వీధి కాలువ గురించి నిలదీయాల్సిన మనిషిని ఎన్నుకునే అవకాశం మాత్రం ఒక్కసారీ రాలేదు.

2021 మార్చి 10న రాష్ట్రంలో 12 కార్పొరేషన్లకు పోలింగ్ జరిగింది. విజయనగరం, మచిలీపట్నం, ఒంగోలు, చిత్తూరు అన్నీ ఓటేశాయి. ఏలూరులో కోర్టు కేసు వల్ల లెక్కింపు జులై దాకా ఆగినా, చివరికి పెట్టెలు తెరిచారు, మేయర్ వచ్చారు. మీ నెల్లూరుకి కాస్త ఆలస్యంగా ఆ నవంబర్‌లో జరిగాయి. మాకు అప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు. మా పొరుగున కాకినాడ పాలక మండలి గడువు 2022లో ముగిస్తే అక్కడా ప్రత్యేకాధికారే వచ్చారు. మంగళగిరి-తాడేపల్లి కార్పొరేషన్ 2021లో పుట్టింది, ఇప్పటి దాకా ఒక్క ఎన్నికా చూడలేదు. శ్రీకాకుళం సంగతి మరీ అన్యాయం. అక్కడ పాత మున్సిపల్ కౌన్సిల్ గడువు 2010లోనే అయిపోయింది. 2015లో దాన్ని కార్పొరేషన్ చేశారు, అప్పుడు కూడా ఈ శాఖ మీ చేతిలోనే ఉంది. హోదా పెరిగింది కానీ మేయర్ కుర్చీలో ఈనాటికీ ఎవరూ కూర్చోలేదు.

కారణం అడిగితే ప్రతిసారీ ఒకటే చెబుతారు. చుట్టుపక్కల పంచాయతీలను నగరంలో కలపాలి, అది తేలాలి, తర్వాత డివిజన్ల, అంటే వార్డుల, హద్దులు మళ్లీ గీయాలి, ఈలోగా ఎవరో కోర్టుకి వెళ్తారు. విలీనం వద్దని నేను అనను. మోరంపూడి జంక్షన్‌లో నిలబడి చూస్తే ఊరు ఎక్కడ అయిపోయిందో, రూరల్ ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు. ధవళేశ్వరం దాకా ఇళ్లే ఇళ్లు. వాళ్లని కలపడం వల్ల మేలుందా, పన్నులు పెరుగుతాయా అన్నది ఆ ఊళ్ల జనంతో కూర్చుని తేల్చుకోవలసిన పెద్ద విషయం. కానీ అది తేలేదాకా ఉన్న ఊరికి ఓటు హక్కు ఆపేయడం ఏ లెక్కన న్యాయం? ఇల్లు పెంచాలనుకున్నవాడు పై అంతస్తు పూర్తయ్యేదాకా కింద ఉన్నవాళ్లకి అన్నం వండడం మానేస్తాడా?

చట్టం మీకు నేను చెప్పనక్కర్లేదు. పట్టణ పాలక సంస్థల గురించి తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 243యు అధికరణం ప్రకారం పాలక మండలి గడువు ముగిసేలోపే తర్వాతి ఎన్నిక పూర్తి కావాలి. డివిజన్ల పునర్విభజన పేరుతో దీన్ని వాయిదా వేయకూడదని సుప్రీంకోర్టు 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. 2022 మేలో మధ్యప్రదేశ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది: పునర్విభజన పూర్తి కాకపోయినా, బీసీ రిజర్వేషన్ల కసరత్తు పూర్తి కాకపోయినా ఎన్నికలు ఆగకూడదు. బీసీలకు 34 శాతం ఇవ్వాలని మీ ప్రభుత్వం అంటోంది, సంతోషం. హైకోర్టు తీర్పు తర్వాత 2020లో అది 24కి తగ్గింది. దాన్ని మళ్లీ సాధించడానికి పోరాడండి. కానీ ఎన్నికే లేని ఊళ్లో 34 అయినా 24 అయినా బీసీలకు దక్కేది సున్నాయే.

మహిళల సంగతీ అంతే. మన రాష్ట్రంలో పట్టణ స్థానిక సంస్థల్లో సగం సీట్లు వాళ్లవి. 2014 లెక్కన మా ఊళ్లో 50 డివిజన్లు, అంటే కనీసం 25 మంది ఆడవాళ్లు కౌన్సిల్ హాల్లో కూర్చోవాలి. మా చివరి ఇద్దరు మేయర్లు ఆదిరెడ్డి వీరరాఘవమ్మ గారు, పంతం రజనీ శేషసాయి గారు, ఇద్దరూ మహిళలే. ఆ తర్వాత ఎదగాల్సిన తరం ఎక్కడా కనపడదు. మైకు పట్టుకుని మాట్లాడడం, ఫైలు అడిగి చూడడం, అధికారితో వాదించడం కౌన్సిల్లో కూర్చుంటేనే వస్తాయి. ఇన్నేళ్లలో ఆ అవకాశం పోగొట్టుకున్నవాళ్లలో రేపు ఎమ్మెల్యే కావాల్సినవాళ్లు ఎందరున్నారో ఎవరు చెప్పగలరు?

"కార్పొరేటర్లు లేకపోతే మాత్రం ఏం మునిగింది, అధికారులు చేస్తున్నారు కదా" అనేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయను. వచ్చిన అధికారుల్లో తెల్లవారుజామునే వీధుల్లో తిరిగినవాళ్లు, పనులు పరుగెత్తించినవాళ్లు ఉన్నారు. కార్పొరేటర్లందరూ మంచివాళ్లని కూడా అనను. కాంట్రాక్టుల్లో వాటాల కథలు తెలియని ఊరు లేదు. అయితే చెడ్డ కార్పొరేటర్‌ని ఐదేళ్లకి ఇంటికి పంపే దారి మా చేతిలో ఉంటుంది. అధికారికి ఇది అదనపు బాధ్యత. ఆయన ఎంత మంచివారైనా బదిలీ ఉత్తర్వు రాగానే వెళ్లిపోతారు, మేము మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

కార్పొరేటర్ ఉంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. మా డివిజన్‌కి ఒకాయన ఉండేవారు. పార్టీ ఏదన్నది ఇక్కడ అనవసరం. పొద్దున్న ఆరింటికల్లా ఆయన అరుగు మీద జనం. ఒకసారి ఒకామె సీసాలో కుళాయి నీళ్లు పట్టుకొచ్చింది, టీ డికాషన్ రంగులో ఉన్నాయి. ఆయన సీసా మూత తీసి వాసన చూసి, అక్కడికక్కడే ఫిట్టర్‌కి ఫోన్ చేసి, "నువ్వు వచ్చేదాకా ఈ సీసా నా ముందే ఉంటుంది" అన్నారు. పైపు మురుగు కాలువలోంచి పోయే చోట పగిలిందని తేలింది, ఆ సాయంత్రానికి అతుకు పడింది. ఆయన మహాత్ముడేమీ కాదు. మళ్లీ ఓటు అడగడానికి ఆ గుమ్మాల్లోకే రావాలని ఆయనకి తెలుసు, అంతే. ఇప్పుడు వార్డు సచివాలయం ఉంది, సోమవారం అర్జీలు తీసుకుంటున్నారు, యాప్‌లూ ఉన్నాయి. అర్జీ ఇస్తే నంబరు వస్తుంది. కానీ ఆ నంబరుకి ఓటు భయం ఉండదు కదా.

ఇంకో మాట, డబ్బు గురించి. 2020 చివర్లో చట్టం సవరించి ఇంటి పన్నును ఆస్తి మూలధన విలువకి, అంటే ఆస్తి ధరకి ముడిపెట్టారు. ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ పోయే పద్ధతి వచ్చింది. పాలక మండలి ఉన్న ఊళ్లలో దాని మీద కనీసం చర్చ జరిగింది, ప్రతిపక్ష కార్పొరేటర్లు గొడవ చేశారు. మా ఊళ్లో అవునని చెయ్యెత్తడానికి గానీ, కాదని లేచి నిలబడడానికి గానీ ఒక్కరూ లేరు. గత ప్రభుత్వం చెత్త పన్ను తెచ్చింది, మీరు తీసేశారు. తీసేసినందుకు మీకు కృతజ్ఞతలు. కానీ అది వచ్చినప్పుడూ పోయినప్పుడూ మా తరఫున మాట్లాడే గొంతు లేదు. బడ్జెట్టూ అంతే. కౌన్సిల్ ఉంటే అజెండా కాగితాలు ముందే బయటికి వస్తాయి. టేబుల్ అజెండా అని చివరి నిమిషంలో ఏదో చొప్పిస్తే ఎవరో ఒకరు అరుస్తారు, మర్నాడు జిల్లా పేపర్లో వస్తుంది. ఒకే కల్వర్టుకి రెండుసార్లు అంచనా వేస్తే ఆ వీధి కార్పొరేటర్‌కి తెలుస్తుంది. ప్రత్యేకాధికారి పాలనలో అదంతా ఒక ఫైలు మీద సంతకంతో అయిపోతుంది. ఆ సంతకం సక్రమమైనదే కావచ్చు. దాన్ని అడిగేవాళ్లు లేకపోవడమే నా బాధ.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్లు, రోడ్లు, డ్రైన్లు, మరుగుదొడ్లు, అన్నిటికీ పెద్ద ఎత్తున ఖర్చు పెడతారు. 2015 జులై 14 ఉదయం పుష్కర ఘాట్‌లో పాతిక మందికి పైగా తొక్కిసలాటలో పోయారు. ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ దాన్ని మర్చిపోలేదు. అప్పుడు పాలక మండలి ఉంది, అయినా ఆ ఘోరం ఆగలేదు. కాబట్టి కౌన్సిల్ ఉంటే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పడం లేదు. కానీ ఏ సందులోంచి జనం గోదావరి గట్టుకి ఎక్కుతారు, వాన కొడితే కంబాల చెరువు దగ్గర ఎంత ఎత్తున నీళ్లు నిలుస్తాయి, నల్లా ఛానల్ అనే మురుగు కాలువ ఏ చోట పొంగుతుంది, ఇవన్నీ పుట్టి పెరిగిన వీధి గురించి మాట్లాడే యాభై మందికి తెలిసినట్టు పైనుంచి వచ్చిన అధికారికి తెలియవు. పనుల అంచనాలు వేసే వేళ వాళ్లు గదిలో ఉండాలి. పనులన్నీ అయిపోయి బిల్లులు చెల్లించాక ఎన్నిక పెడితే, కొత్త మేయర్‌కి రిబ్బన్లు కత్తిరించడమే మిగులుతుంది.

రాజమండ్రి 1866 నుంచి మున్సిపాలిటీ. 2011 జనాభా లెక్కల్లోనే మూడు లక్షల నలభై వేలు దాటిన ఊరు. ఇంత పాత మున్సిపాలిటీకి, ఇంత మంది జనానికి ఎన్నికైన ప్రతినిధి ఒక్కరూ లేకపోవడం మీకూ బాధ కలిగించే విషయమేనని నమ్ముతున్నాను. మీరూ ఓట్లు అడిగి గెలిచినవారే, వీధుల్లో తిరిగినవారే.

అడుగుతున్నది ఇంతే. మార్చితో గడువు ముగిసే కార్పొరేషన్లతో పాటే రాజమహేంద్రవరం, కాకినాడ, శ్రీకాకుళం, మంగళగిరి-తాడేపల్లికి కూడా ఎన్నికలు జరిపించండి. విలీనం ఆ లోపు తేలితే కొత్త హద్దులతో జరపండి. తేలకపోతే మా ఊరికి ఉన్న 50 డివిజన్లతోనే జరపండి, కలిసే గ్రామాల సంగతి తర్వాత చూడండి. డివిజన్లు మార్చితే ముసాయిదా మ్యాపులు ప్రతి వార్డు సచివాలయం గోడ మీద, వీధుల పేర్లతో సహా తెలుగులో అంటించండి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి పండగలు పడని రోజులు ఇవ్వండి. మేయర్ సీటు, డివిజన్ల రిజర్వేషన్లు నామినేషన్లకి ముందు రోజు కాకుండా, పోటీ చేయాలనుకునే మామూలు మనిషి ఇంట్లో ఒప్పించుకుని, నాలుగు గుమ్మాలు ఎక్కి దిగేంత ముందుగా ప్రకటించండి. రాష్ట్ర ఎన్నికల సంఘం మీ శాఖ నుంచి అడిగే కాగితాలు ఏ తేదీకి పంపుతారో బయటికి చెప్పండి. ఆ తేదీ చెబితే చాలు, మిగతా లెక్క మేమే వేసుకుంటాం.

భవదీయుడు,
రాజమహేంద్రవరం ఓటరు