పటిక బస్తాల లెక్క తేలలేదు బిడ్డా

మిర్యాలగూడ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నీ అంగారకుడి నవల నాలుగో భాగం ఆపేశానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మీ అమ్మ నన్నే తిడుతోంది, ఎందుకంటే నా గుట్టు తనకు తెలుసు. ఎవరో పాఠకుడు పదకొండు తప్పులు పట్టి ఉత్తరం రాశాడన్నావు కదా, నాకూ తొమ్మిది ముందే కనిపించాయి. చెప్పలేదు. ఇంటర్‌తో చదువాపేసిన రైస్‌మిల్లు గుమాస్తా, అంగారకుడి మీద నవలలు రాసే కూతురికి తప్పులు చూపించడమేంటని నోరు మూసుకున్నాను. అప్పుడే చెప్పి ఉంటే అచ్చుకు పోకముందే దిద్దుకునేదానివి, ఈ టెన్షన్ ఉండేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికంటే ముందు పటిక సంగతి. మొదటి భాగంలో కాలనీవాళ్లు నీళ్లను నల్లగొండ టెక్నిక్‌తో శుద్ధి చేసుకుంటారని రాశావు చూడు, అది చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. ఫ్లోరైడ్ నీళ్లకు నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు కనిపెట్టిన పద్ధతి, పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు తీసుకోవడం, మన జిల్లా పేరు పెట్టుకున్న ఆ పద్ధతి అంగారకుడి దాకా పోయిందంటే ఈ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూసిన నాలాంటివాడికి ఎట్లా ఉంటుందో నీకు వేరే చెప్పాలా. కానీ బిడ్డా, ఓడలో తెచ్చుకున్న పటిక 400 బస్తాలన్నావు, రోజుకు ఒక బస్తా ఖర్చన్నావు. మూడో భాగం నాటికి అంగారకుడి లెక్కన ఏడేళ్లు గడిచాయి. అక్కడి ఏడాది మన 687 రోజులు కాబట్టి మొత్తం 4,809 రోజులు. మిగతా 4,409 బస్తాలు ఎక్కడి నుంచి వచ్చాయి? మిల్లులో స్టాకు ఇంత తేడా వస్తే ఆ సాయంత్రానికే ఇద్దరి ఉద్యోగాలు ఊడతాయి.

ఇదే లెక్క నీ కథలోని వెన్నెల వయసుకూ తగిలింది. మొదట్లో 24, మూడో భాగంలో 31 అని రాశావు. ఏడు కలిపేశావు, అవి అంగారకుడి ఏళ్లన్నది మరిచిపోయావు. మన లెక్కకు 13 ఏళ్లు దాటాయి, ఆమెకు 37. ముప్పై ఏడేళ్ల ఆడమనిషి ముప్పై ఒకటిలాగా కోపం తెచ్చుకోదు, అది అంకె మార్చితే సరిపోయే పని కాదు, కాస్త ఆలోచించు.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. సాగర్ డ్యామ్‌కు 26 క్రస్ట్ గేట్లు, రెండో భాగంలో 24 అన్నావు, సెలవులకు ఎన్నిసార్లు తీసుకుపోయాను నిన్ను! 2019లో సూర్యాపేట నల్లగొండ జిల్లాలో ఉందని రాశావు, లేదు, 2016 దసరా నాడే వేరు జిల్లా అయింది. మొదటి భాగంలో భూమికి మాట చేరడానికి 14 నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో 14 అని ఎంత బాగా రాశావో, మూడో భాగంలో అదే వెన్నెల హలో అనగానే దేవరకొండ నుంచి వాళ్లమ్మ టక్కున పలికింది. తెగిపోయిన చిటికెన వేలు మళ్లీ మొలిచిన సంగతి నేను ఎత్తను, ఆ పాఠకుడు చాలా రాసే ఉంటాడు. షెర్లాక్ హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్‌కు కూడా మొదటి నవలలో తూటా భుజంలో దిగి, రెండో నవలలో కాలికి జరిగింది, నూరేళ్లు దాటినా జనం చదువుతూనే ఉన్నారు.

ఇక అంగారకుడి చందమామ ఫోబోస్. దాన్ని తూర్పున ఉదయింపజేశావు. అది అంగారకుణ్ణి ఏడు గంటల నలభై నిమిషాల్లోపే చుట్టేస్తుంది, ఆ గ్రహం తన చుట్టూ తాను తిరగడానికి ఇరవై నాలుగున్నర గంటలు దాటుతుంది, అందుకని అది పడమట పుట్టి తూర్పున దిగుతుంది. దీనికి మాత్రం నువ్వు సిగ్గుపడాల్సిన పనే లేదు, పేరున్న రచయితలూ ఇట్లా పొరబడ్డారు, నువ్వు ఇంట్లో వదిలిపోయిన ఇంగ్లీషు పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అమెరికా రచయిత లారీ నివెన్ 1970లో రాసిన రింగ్‌వరల్డ్ మొదటి ముద్రణలో హీరో తన పుట్టినరోజును సాగదీయడానికి ఊరూరికీ గెంతుతూ తూర్పుకు పోతాడట. అర్ధరాత్రిని తప్పించుకోవాలంటే పడమరకు కదా పోవాలి! తర్వాతి ముద్రణల్లో దిద్దారు. పాత పుస్తకాలు పోగుచేసేవాళ్లు ఆ తప్పున్న ప్రతినే వెతుక్కుంటారట, మనుషులకు ఏం పిచ్చి చూడు.

అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. నివెన్ ఆ కథలో ఒక నక్షత్రం చుట్టూ కట్టిన పెద్ద చక్రం స్థిరంగా నిలబడదని, కాస్త జరిగితే పోయి ఆ నక్షత్రానికే గుద్దుకుంటుందని లెక్క తేలింది. 1971లో ఒక సైన్స్ ఫిక్షన్ సభలో ఎంఐటీ విద్యార్థులు అదే మాట పాటలాగా అరుచుకుంటూ తిరిగారట. ఆయన పుస్తకం మానుకున్నాడా? చక్రాన్ని సర్ది నిలబెట్టే జెట్లు పెట్టి, వాటిని జనం పీకేసుకున్నారని కథ అల్లి ఇంకో నవలే రాశాడు.

ఇంకో రచయిత ఆర్థర్ సి. క్లార్క్ పద్ధతి నాకు నచ్చలేదు, అయినా చెప్తాను. ఆయన 1968 నవల ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో ఓడ శనిగ్రహం దగ్గరికి పోతుంది, సినిమాలో గురుగ్రహం దగ్గరికి. 1982లో రెండో నవల రాస్తూ, నేను సినిమా దారినే పోతున్నానని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. ముగింపు నిల్వ శని దగ్గర, ప్రారంభ నిల్వ గురుడి దగ్గర! ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు? కానీ దాచలేదు కదా, అది చాలు. మా చిట్టాల్లో కూడా తప్పు పడితే రబ్బరుతో చెరపనివ్వరు, ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి.

అసలు మాట ఇప్పుడు. వెన్నెల వాళ్లమ్మ. మొదటి భాగంలో ఆమె ఒప్పంద కాగితం మీద నిశాని వేసింది, ఆ పేజీలో మీ నాయనమ్మ బొటనవేలు నాకు కనబడింది, పుస్తకం మూసి కాసేపు బయటికి పోయి కూర్చున్నాను. మూడో భాగంలో అదే అమ్మ బిడ్డ పంపిన ఉత్తరం తానే చదువుకుంటుంది. ఆ పాఠకుడు దీన్ని పట్టాడో లేదో తెలియదు గానీ నాకు మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. దీన్ని కొట్టేయకు. మధ్యలో పదమూడేళ్లు గడిచాయి కదా ఆమెకు. ఎవరు నేర్పారు, ఎందుకు నేర్చుకుంది, పక్కింటివాళ్లతో ఉత్తరం చదివించుకోవడానికి సిగ్గేసిందా? మీ నాయనమ్మ అరవై దాటాక సంతకం నేర్చుకుంది, పలక మీద నేనే చేయి పట్టి దిద్దించాను, చివరి అక్షరం ఎప్పుడూ కిందికి జారిపోయేది. ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు పలక విసిరికొట్టిందో అడిగితే చెప్తాను.

నీ మూడు భాగాలకూ ఒక రిజిస్టరు రాశాను. మనిషికో ఖాతా, వస్తువుకో ఖాతా, తేదీలకు వేరే పేజీలు. పెన్నుతో రాసినవి తేలిన లెక్కలు, పెన్సిలుతో రాసినవి నా అనుమానాలు. శనివారం మీ బాబాయి హైదరాబాద్ వస్తున్నాడు, మీ అమ్మ చేసిన సకినాల డబ్బా కింద పెట్టి పంపుతున్నాను, నూనె అంటకుండా కవరు చుట్టాను. పటిక పేజీలో 4,409 పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. వెన్నెల వాళ్లమ్మకు రెండు పేజీలు ఖాళీగా ఉంచాను.

నీ
నాయిన