సరిహద్దు ఊళ్ళకి ఇరువైపులా మనుషులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబర్ 31న పటేల్ గారి జయంతికి జరిగిన ఐక్యతా పరుగు ఫొటోలు మీ పత్రికలో చూశాను. 2014 నుంచి ఏటా ఈ పరుగు జరుగుతోంది. ఒడిశాలోని మా బరంపురంలోనూ పిల్లలు జెండాలు పట్టుకుని మా షాపు ముందు నుంచే వెళ్ళారు. వాళ్ళని చూస్తే సంతోషంగానే ఉంటుంది. కానీ మర్నాటి నుంచి మళ్ళీ ఏడాది దాకా మనుషుల్ని కలిపే ఆ పని ఎవరు చేస్తారు? అది అడగాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జాకెట్లు కుట్టుకునే మనిషిని. చీరలకి ఫాల్ వేస్తాను, పికో చేస్తాను. మా నాన్న మగ్గం నేసేవారు. మా పెద్దలు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెప్పేవారు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. నాన్న నేసిన పట్టుచీరకి ఫొడా కుంభ అంచు ఉండేది. అది ఒడియా పెళ్ళికూతుళ్ళ చీర. దానికి 2012లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే ముద్ర కూడా వచ్చింది.

రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ జాతర గురించి శ్రీకాకుళం వైపు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. తెలియని మిగతా పాఠకుల కోసం ఒక్క మాట. అమ్మవారు గుడి నుంచి బయల్దేరి దేశీబెహరా వీధికి వస్తుంది. అది ఆమెకి పుట్టిల్లు. దేశీబెహరా అంటే డేరా అనే మా నేతపనివాళ్ళ కులానికి పెద్ద, ఆయన ఆ తల్లికి తండ్రి వరస. ఊరంతా ఒడియాలో మొక్కే దేవత, తెలుగు నేతవాళ్ళ ఇంటి ఆడపడుచు. రాత్రిళ్ళు ఘటాలు ఎత్తుకుని ఊరేగింపులో నడిచే ఆడవాళ్ళలో ఎవరిది ఏ భాషో ఎవరూ అడగరు. ఈ జాతర ఏ ప్రభుత్వమూ ఆర్డరు వేసి పెట్టింది కాదు. ఒడిశా రాష్ట్రం ఏర్పడిన 1936 ఏప్రిల్ 1కి ముందు మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడూ ఉంది, ఆ తర్వాతా ఉంది.

జాతర నెలరోజులతో అయిపోతుంది. కష్టం వచ్చే రోజు మాత్రం చెప్పి రాదు.

2020 లాక్‌డౌన్‌లో మా తమ్ముడి కొడుకు సూరత్‌లో ఇరుక్కుపోయాడు. అక్కడ పవర్‌లూమ్‌లలో మా గంజాం జిల్లా వాళ్ళు లెక్కలేనంతమంది పని చేస్తారు. ఒక మెస్ గదిలో షిఫ్టులు మార్చుకుంటూ పడుకుంటారు. వాడి గదిలో ఒడియా కుర్రాళ్ళు, తెలుగు కుర్రాళ్ళు కలిసే ఉండేవారు. ఉన్న బియ్యం పంచుకుని తిన్నామని ఫోన్లో చెప్పాడు. అదే నెలలో ఇక్కడ గిరిసోలా చెక్‌పోస్టు దగ్గర జనం ఎండలో నడిచి వస్తున్నారని తెలిసి, మా వీధి ఆడవాళ్ళం వండి పంపడం మొదలుపెట్టాం. మొదటిరోజు ఒడియావాళ్ళు కూరముక్కలేసి చేసే పప్పు దాల్మా వండాలా, మన పప్పుచారు వండాలా అని పెద్ద చర్చే జరిగింది. చివరికి రోజు మార్చి రోజు వండాం. ఆ పొయ్యి దగ్గరే నాకు నిజమైన స్నేహాలు దొరికాయి. మా పక్కింటి ఒడియా ఆవిడని అంతకు ముందు ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నాను గానీ ఆవిడ పుట్టినూరు ఏదో కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఆవిడ నాకు అపా, అంటే ఒడియాలో అక్క. శ్రీకాకుళం పల్లెల్లో అక్కని అప్ప అంటారు. రెండు మాటలకీ ఎంత తేడా ఉందో మీరే చూడండి.

ఆ తర్వాత ఒక రోజు మా బంధువుల్ని చూడ్డానికి ఊళ్ళో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడ కవిటి నుంచి వచ్చిన ఒకావిడ ఏడుస్తూ కూర్చుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీ పాఠకులకి తెలుసు. ఆవిడ భర్తకి డయాలసిస్. చేతిలో చీటీ ఉంది గానీ ఏ గదికి వెళ్ళాలో చెప్పేవాళ్ళు లేరు. ఒకళ్ళు ఒడియాలో చెప్పారు, ఇంకొకళ్ళు విసుక్కున్నారు. నిన్నటి నుంచి ఇలాగే తిరుగుతున్నానమ్మా అంది. సరిహద్దుకి అవతల పక్కనే ఉండే మనిషి పరాయిదేశంలో ఉన్నట్టు కూర్చుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నేనూ, అపా, ఇంకో ఇద్దరం మంగళ, శుక్రవారాల్లో ఆ ఆసుపత్రి బయట ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నాం. చీటీలు చదివి చెప్తాం. ఫారాలు నింపుతాం. తెలుగు వాళ్ళకి నేను, పర్లాకిమిడి కొండల వైపు నుంచి వచ్చే సవర వాళ్ళకి మాలో ఆ భాష తెలిసినావిడ. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం పుస్తకాలు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు ఉపన్యాసాల్లో ఆయన వ్యావహారిక భాష సంగతి చెప్తారు గానీ, పక్కవాళ్ళ భాష నేర్చుకోడానికి కొండెక్కిన సంగతి తక్కువగా చెప్తారు. అది నాకు బాధగా ఉంటుంది.

ఈ బల్ల వల్ల కలిగిన అసలు మేలు దసరా ముందు తెలిసింది. బరంపురంలో తెలుగువాళ్ళ షాపులు పగలగొడుతున్నారని ఒక వీడియో ఇచ్ఛాపురం వైపు ఫోన్లలో తిరిగింది. ఎక్కడిదో, ఎప్పటిదో. మేం సాయం చేసిన ఒక కుటుంబం రాత్రి తొమ్మిదిన్నరకి టెన్షన్‌గా ఫోన్ చేసింది. అప్పటికే అక్కడ కుర్రాళ్ళు గుమిగూడి, ఒడిశా లారీల్ని ఆపాలని మాట్లాడుకుంటున్నారట. నేను వెంటనే షట్టర్ ఎత్తి, లైటు వేసి, పక్క పాన్‌షాపు ఒడియా అబ్బాయిని నా పక్కన నిలబెట్టుకుని వీడియో తీసి పంపాను. మా వీధి ఇదిగో, అన్నీ బాగానే ఉన్నాయి అని ఇద్దరం చెప్పాం. వాళ్ళు దాన్ని తమ ఊరి గ్రూపుల్లో పెట్టారు. కుర్రాళ్ళు ఇళ్ళకి పోయారు. ఆ మాట పోలీసులో, ఆఫీసర్లో చెప్తే నమ్మి ఉండేవారో లేదో. తమ మనిషి ఆసుపత్రిలో పడి ఉంటే పక్కన నిలబడిన ఆడమనిషి చెప్పింది కాబట్టి నమ్మారు.

అందుకే సరిహద్దు పొడుగునా ఇలాంటి చిన్న చిన్న సంఘాలు కావాలని అడుగుతున్నాను. ఇచ్ఛాపురం–బరంపురం, పాతపట్నం–పర్లాకిమిడి, పార్వతీపురం–రాయగడ. ప్రతి జంటకీ అటు పదిమంది, ఇటు పదిమంది చాలు. పార్టీ జెండా ఉండకూడదు. రెండు లిపుల్లోనూ జమాఖర్చు రాసి గోడకి అంటించాలి. వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఇది నా పట్టుదల. ఎందుకంటే వదంతి ముందు వంటింటికే వస్తుంది.

మొదటి పనిగా బడుల సంగతి పెట్టుకోవచ్చు. మా అబ్బాయి తెలుగు ఐదో తరగతితోనే ఆగిపోయింది, పంతులు లేక. మాతృభాషలో ప్రాథమిక చదువు చెప్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో చేర్చారు. శ్రీకాకుళం జిల్లాలో ఒడియా బడులకీ ఇదే గతి పట్టకూడదు. ఇక్కడి తెలుగు బడికి పంతుల్ని అడిగే అర్జీ మీద ఒడియా తల్లులు ముందు సంతకం పెట్టాలి. అక్కడి ఒడియా బడికి అడిగే అర్జీ మీద తెలుగు తల్లులు ముందు సంతకం పెట్టాలి. ఎవరి పిల్లల కోసం వాళ్ళు అడిగితే అది తగాదాలా కనిపిస్తుంది. సరిహద్దు కొండల మీది కొఠియా గ్రామాలు మా రాష్ట్రానివంటే మా రాష్ట్రానివని రెండు ప్రభుత్వాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకి ఎక్కింది. ఆ కొండల మీది వాళ్ళతో ఇటువాళ్ళూ అటువాళ్ళూ కలిసి కూర్చుని, మీకేం కావాలని అడిగే సంఘం ఒకటి ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారిని రాష్ట్రపతిగా తలుచుకుంటాం. అంతకు చాలా ముందే ఆయన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులతో సంఘం కట్టి, 1928లో ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం సమ్మె నడిపారు. ఆ లైను మీద తెలుగువాళ్ళున్నారు, ఒడియావాళ్ళున్నారు, బెంగాలీలున్నారు. వాళ్ళని కలిపింది పక్కవాడి జీతం.

మా బల్లకి ఇప్పుడు ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఇద్దరు ముగ్గురు కావాలి. ఒడియా కొంచెం మాట్లాడటం వస్తే చాలు, చదవడం అపా నేర్పుతుంది. వారానికి ఒక పూట వచ్చినా సరే. బస్సు ఛార్జీలు మేం చందా వేసుకుని ఇస్తాం. దయచేసి ఈ ఉత్తరాన్ని శ్రీకాకుళం జిల్లా పేజీలో వెయ్యండి. ఇదే ఉత్తరాన్ని అపా ఒడియాలో రాసింది. దాన్ని ఇక్కడి ఒడియా పత్రికకి ఈ రోజే పోస్టు చేశాం.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా