మన సంఘం వార్షిక నివేదిక, 2024–25 (కడప)

సభ్యులకు, పిల్లలకు నమస్కారం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువు చెప్పాలి. మనం ఈ ఏడాదంతా తిరిగింది వేరే పని మీద: ఇంటి మాట బడికి, బడి మాట ఇంటికి చేర్చడం.

డిసెంబరు 3 దివ్యాంగుల దినోత్సవం ఏటా ఆటల పోటీలతో ముగిసేది. ఈసారి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో టీచర్లను, తల్లులను ఒకే చాప మీద కూర్చోబెట్టాం. ఏడేళ్ల బాబు ఒకడు బొమ్మల కార్డులు చూపిస్తే స్పందించడని రికార్డులో ఉంది. ఆరోజు వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని ఉర్దూలో "పానీ" అనగానే నీళ్ల గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టాడు. "రోటీ" అంటే రొట్టె చూపించాడు. టీచరమ్మ కళ్లు తుడుచుకుని, కార్డు వెనక ఆ మాటలు తెలుగు లిపిలో రాసుకున్నారు. ఇన్నాళ్లూ వాడికి రానిది తెలుగు, అంతే. రోజూ సంగటి తినే పాపకు అన్నం బొమ్మే చూపిస్తున్నారని కూడా అప్పుడే తెలిసింది.

ఫిజియోథెరపీకి తాయెత్తు తీసేసి రమ్మన్నారని ఒక తల్లి రెండు నెలలు బిడ్డను పంపలేదు. పెద్ద దర్గాలో మొక్కుకుని కట్టించిన తాయెత్తు అది. ఆ తల్లినీ, తీసేయమన్నవారినీ కూర్చోబెట్టి మాట్లాడాం. ఇప్పుడు తాయెత్తు చేతికే ఉంది, ఫిజియోథెరపీ కూడా జరుగుతోంది.

పిల్లల విద్యా ప్రణాళిక కాగితాలు ఇంగ్లీషులో ఉంటే తల్లులు ఏం చదివి సంతకం పెడతారు? తెలుగులో, ఉర్దూలో ఇవ్వమని అర్జీ పెట్టాం. వస్తామన్న అధికారి రాలేదు, జవాబూ లేదు. మనవాళ్లూ తక్కువేం కాదు. వాట్సాప్‌లో అందరూ "వస్తాం" అన్నారు, పొద్దున కుర్చీలు మోసింది ముగ్గురే. ఇది బాధతో రాస్తున్నా.

ఆదివారాలు కూడా వచ్చిన ఐఈఆర్‌టీ (సమ్మిళిత విద్య) టీచర్లకు, పిల్లల్ని ఎత్తుకుని తిప్పిన ఆయాలకు, షామియానా ఇచ్చినవారికి, బాడుగ తీసుకోని ఆటో అన్నకు, అందరికీ ఉగ్గాని, బజ్జీ చేసి పంపిన అక్కలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ఎక్కువ ఖర్చు కార్డుల లామినేషన్‌కే అయింది. చందా బాకీ ఉన్నవారు ఈరోజే కట్టేయండి.

సుగాలి (లంబాడీ) మాటల కార్డులు ఇంకా మొదలే కాలేదు. ఇంట్లో ఆ మాట మాట్లాడేవారు ఈ సమావేశం అయ్యాక నన్ను కలవండి. మీరు చెబితే చాలు, మేం రాసుకుంటాం.

కార్యదర్శి