పాత ప్రెస్సుల డిక్లరేషన్ ఫైళ్ళు చెత్తలో వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది కందుకూరు. ఒకప్పుడు మా ఊళ్ళో కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ మిషన్ మీద నడిచిన ఒక చిన్న ప్రెస్సు చరిత్ర రాద్దామని కొన్నాళ్ళుగా తిరుగుతున్నాను. మా నాన్న అందులో కంపోజిటర్, అంటే సీసం అక్షరాలు పేర్చే పని. అక్కడ అచ్చయినవి పెద్ద పుస్తకాలేమీ కావు. శుభలేఖలు, పొగాకు వ్యాపారుల రసీదు పుస్తకాలు, సినిమా హాలు కరపత్రాలు, స్కూళ్ళ పరీక్ష పేపర్లు, ఎలక్షన్లొస్తే రాత్రంతా పోస్టర్లు. ఊరు ఎలా బతికిందో తెలిసేది వీటితోనే, కానీ వీటిని దాచేవాళ్ళే లేరు. ఆఫ్‌సెట్ మిషన్లు, కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చాక సీసం అక్షరాలు కూడా తూకానికి అమ్మేశారు.

మన ప్రాంతానికి అచ్చు కొత్తేమీ కాదు. పూండ్ల రామకృష్ణయ్య గారు నెల్లూరు నుంచి ‘అముద్రిత గ్రంథ చింతామణి’ మొదలుపెట్టింది 1885లో. తాళపత్రాల్లో మగ్గుతున్న కావ్యాలను అచ్చులోకి తెచ్చిన పత్రిక అది. అలాంటి వాటి గురించి పండితులు రాశారు, రాస్తారు. వీధి చివర ప్రెస్సుల సంగతి ఎవరు రాస్తారు?

రాయాలంటే ఆధారం కావాలి, ఆ ఆధారం ప్రభుత్వం దగ్గరే ఉండాలి. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం ప్రెస్సు పెట్టిన ప్రతివాళ్ళూ ఫలానా చోట నాకు ప్రెస్సు ఉందని మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉండేది, ప్రెస్సును వేరే చోటికి మారిస్తే మళ్ళీ కొత్తది ఇవ్వాల్సి వచ్చేది. అంటే యజమాని ఎవరు, ఏ వీధి, ఏ సంవత్సరం, అన్నీ ఒక్క కాగితంలో ఉంటాయి. రూపాయి కడితే ఎవరైనా దాన్ని చూడొచ్చని, రెండు రూపాయలకు నకలు ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉండేది.

తీరా అడగడానికి వెళ్తే, ఆ ఫైళ్ళు ఇక్కడ ఉండవు, పాత జిల్లాలో అడగండి అన్నారు. అక్కడికి వెళ్తే జిల్లా మారినప్పుడే పంపేశాం అన్నారు. వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, మన జిల్లాలు మారిన తీరు అలా ఉంది. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఒంగోలు సంగతి చూడండి, 1904 దాకా నెల్లూరు, ఆ తర్వాత గుంటూరు, 1970లో తానే జిల్లా కేంద్రం. ఒకే వీధిలో ఒకే ప్రెస్సు కదలకుండా ఉన్నా, దాని కాగితాలు ఎన్ని బీరువాలు మారి ఉంటాయో!

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఆ 1867 చట్టం పోయింది. దాని బదులు తెచ్చిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పుస్తకాలు దాని పరిధిలోనే లేవు, ప్రెస్సువాళ్ళు మేజిస్ట్రేటుకు డిక్లరేషన్ ఇచ్చే పనీ లేదు. మంచిదే, కానీ రద్దయిన చట్టం తాలూకు ఫైలు అంటే రేపు రికార్డు రూము ఖాళీ చేసేటప్పుడు ముందు చెత్తలోకి పోయేది అదే. నాకు టెన్షన్ అంతా దాని గురించే.

నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లకు మీ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. ప్రెస్సు డిక్లరేషన్లు ఎక్కడ ఉన్నా ఒకచోటికి చేర్చి, స్కాన్ చేయించి, అసలు ప్రతులు రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించండి. అంతవరకు ఒక్క కట్ట కూడా తూకానికి వేయవద్దని రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఒక పల్లెటూరి గ్రంథాలయంగా ఉంటూనే పాత పత్రికలను ఎంత జాగ్రత్త చేసిందో అందరికీ తెలుసు, జిల్లా యంత్రాంగానికి అది చేతకాని పనేమీ కాదు.

పాఠకులకు కూడా ఒక మాట. మీ ఇంట్లో పాత శుభలేఖ గానీ, ఎన్నికల కరపత్రం గానీ ఉంటే అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉన్నాయేమో చూడండి. కరపత్రం మీద ప్రింటరు పేరు, చిరునామా వేయాలని ఎన్నికల చట్టమే చెబుతుంది, ఏ ఎన్నికో తెలిస్తే సంవత్సరం కూడా దొరికినట్టే. పారేయకుండా ఒక ఫొటో తీసి మీ ఊరి లైబ్రేరియన్‌కు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కందుకూరు